ఆటలోను పంక్తిభేదమేనా?

మొన్నటి వేసవి సెలవులలో మా చెల్లెలి కుమార్తె, పదకొండేండ్ల పిల్ల, మా యింట నెలదినములుండి పోయినది. ఒకనాటి మధ్యాహ్నము భోజనములైన పిమ్మట అది కంప్యూటరు ముందు కూర్చుండి క్రొత్త ఆట నొకదానిని తెఱచెను. ఆ యాటలో అడుగు పెట్టుటకు ముందు ఎవరి పాత్రకు వారే రూపము కల్పించుకొనవలెనట. తెరమీద నొక బొమ్మ నిలుచుండినది. దాని ప్రక్కను కన్నులు, ముక్కు, జుట్టు, మేనిచాయ, ఉడుపులు అని వరుసగా గదులు గీయబడియున్నవి. పిల్ల యెంతో శ్రద్ధతో తనవంటి కన్నులనే యేరుకొన్నది. తనవంటి గుండ్రని ముఖమునే పెట్టుకొన్నది. మేనిచాయ దగ్గఱకు వచ్చునప్పటికి కొంత తడవు తటపటాయించి, గులాబి కలసిన తెల్లని రంగును నొక్కినది.

ఆ పిల్ల చామనచాయకంటె నొక పాలు నలుపు. "ఇది నీవేనా, తల్లీ?" అని యడిగితిమి.

"నేనే, పెద్దమ్మా. ఆ నలుపు బాగాలేదు. బూడిద పూసినట్టుంది చూడు. ఆ రంగు పెడితే జుట్టు కూడా అతికించినట్టుంటుంది," అని రెండు మూడు మారులు మార్చి చూపినది.

మేము కంటియద్దములు సవరించుకొని చూచితిమి. పిల్ల చెప్పినది నిజమే. తెలుపులో పాలవంటిది, వెన్నవంటిది, గోధుమవంటిది అని పలు భేదములు గలవు. నలుపులో నున్నవి రెండే; ఆ రెంటిలోను జీవకళ లేదు. పిల్ల తన రంగును అసహ్యించుకొనలేదు. తన విస్తరిలో వడ్డన సరిగా లేకపోవుటచే ప్రక్క విస్తరికి జరిగి కూర్చున్నది.

వడ్డనలో వలపక్షము చూపరాదని మన పెద్దలు మనకు చిన్నతనముననే నేర్పిరి. ఒకే పంక్తిలో కూర్చున్నవారికి ఒకరికి నేయి ధారగాను, ఒకరికి చుక్కగాను వడ్డించిన గృహిణిని లోకము మెచ్చదు. ఈ క్రొత్త ఆటల పంక్తిలో వడ్డన యెట్లు జరుగుచున్నదో ఆ దినము మొదలు మేము శ్రద్ధతో విచారించితిమి. మాకు తెలిసిన సంగతులను పాఠక సోదరీమణులతో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాటల నెఱుగని సోదరీమణులకై ముందుగా ఒక మాట. మన బాల్యములో బొమ్మను చేతితో పట్టుకొని ఆడితిమి. ఈ ఆన్‌లైను ఆటలలో పిల్లలు బొమ్మలోనికే ప్రవేశింతురు. దేశదేశములవారు ఒకే వేళ ఒకే కల్పిత లోకములో తిరుగుచు, ఒకరినొకరు ఆ బొమ్మ రూపముచేతనే గుర్తింతురు; స్నేహములు చేయుదురు; జట్టులు కట్టుదురు. ఒక్కొక్క రూపముతో నెలలు, సంవత్సరములు గడపువారు గలరు. పిల్లలేకాక ఉద్యోగములు చేయువారు, గృహిణులు కూడ నాడుచున్నారు. కావున ఆ రూపము నేరుకొనుట వారికి ఉడుపు మార్చుకొనునంత తేలిక పని గాదు.

ఈ లోకములలో "జాతి" యను మాట రెండర్థములలో వాడబడుచున్నది. మొదటిది కల్పితజాతి: పొడుగు చెవుల ఎల్ఫులు, పొట్టివారైన డ్వార్ఫులు, కొమ్ములు గలవారు, తోకలు గలవారు. రెండవది మనము నిత్యము చూచు మానవులలోని వర్ణభేదము. వలపక్షము రెండు చోట్లను గలదు. ఒక్కొక్కప్పుడు రెండును పెనవైచుకొని యుండును.

1999లో వెలువడిన "ఎవర్‌క్వెస్ట్" అను ప్రసిద్ధమైన ఆటను చూడుడు. అందు నల్లని మేనిగల మనుష్యులు "ఎరుడైట్లు" అను ప్రత్యేకజాతిగా నుండిరి. వారు విద్వాంసులు, మంత్రవేత్తలు, గౌరవనీయులే. కాని ఆ జాతివారు సాధారణ యోధులు కాజాలరు. నల్లని రూపము కావలెనన్నచో ఆ జాతిలోనే చేరవలెను. ఆ జాతిలో చేరినచో వారికి విధించిన వృత్తులతోనే తృప్తి పడవలెను. ఒంటి తీరునుబట్టి వృత్తిని నిర్ణయించుట యెటువంటిదో మన దేశపువారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

కల్పితజాతుల నడుమ వలపక్షమునకు జపాను దేశపు ఆటయగు "ఫైనల్ ఫాంటసీ 14" మంచి దృష్టాంతము. 2010లో అది మొదట వెలువడినపుడు పిల్లిచెవుల మికోటె జాతిలో స్త్రీలు మాత్రమే యుండిరి. భారీకాయులైన రోగడిను జాతిలో పురుషులు మాత్రమే యుండిరి. సుకుమారమైన జాతికి స్త్రీయే, బలిష్ఠమైన జాతికి పురుషుడేయని యెవరు నిర్ణయించిరో గాని, 2013లో ఆటను తిరిగి నిర్మించినపుడు ఆ లోపమును సవరించిరి. ఇంతటితో కథ ముగిసినదా? లేదు. 2019లో రెండు క్రొత్తజాతులను చేర్చినపుడు కుందేలు చెవుల వియెరా జాతిలో స్త్రీలనే, సింహమును పోలిన హ్రోత్‌గారు జాతిలో పురుషులనే మరల నుంచిరి. పనిభారమే యిందులకు కారణమని నిర్మాతలు చెప్పిరి. వియెరా పురుషుడు 2021లోను, హ్రోత్‌గారు స్త్రీ 2024లోను వచ్చిరి. బలిష్ఠమైన స్త్రీరూపమే కడపట వచ్చుట గమనింపదగినది. అదిగాక, ఈ రెండు జాతులవారికి ఇతరజాతుల కేశాలంకారములు పెక్కు లభింపలేదు. టోపీలు పెక్కు వారి తలలపై కనబడలేదు. ఇతరులతో సమానముగ చందా చెల్లించినవారే యీ కొఱతను అనుభవించిరి.

అమెరికాలో 2004 నవంబరులో ఆరంభమైన "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" చరిత్రయు ఇట్టిదే. మొదట ఎనిమిది జాతులు. కాలక్రమమున పెక్కు చేరినవి. అందలి మానవులకు నల్లని చాయలు ఆరంభమునుండియు గలవు. కాని ముఖముల తీరు, జుట్టు తీరు ఎక్కువగా యూరపువారివే. ఆ ముఖముమీద నల్లని రంగు పులిమినంతమాత్రమున ఆఫ్రికా వనిత కాదు గదా! ఆ లోపము 2020లో సవరింపబడినది. ఆఫ్రికా, ఆసియా ఖండములవారిని పోలిన ముఖములు, కన్నులు, కేశములు మానవులకు చేర్చిరి. కొన్ని ఎల్ఫు జాతులకును ముదురు చాయలు నొసగిరి. అయితే 2018లో చేర్చిన క్రొత్తజాతులకు ఈ వడ్డనలో దక్కినది స్వల్పము. ఆ జాతులను పొందుటకు ఆడువారు ఎన్నియో దినములు శ్రమపడవలసియుండెను. శ్రమించి సాధించిన జాతికే రూపభేదములు తక్కువైనచో ఎవరికి బాధ కలుగదు? వారి మొఱలు ఫలించి 2021 నవంబరులో ఆ జాతులలో కొన్నింటికి మరికొన్ని రూపభేదములు లభించినవి.

ఆడువారు మొఱపెట్టుట, నిర్మాతలు సవరించుట మంచిదే. కాని మొదటి వడ్డన యెవరికి, మాఱువడ్డన యెవరికి అని చూచినపుడే ధర్మము తెలియును.

మానవవర్ణముల విషయమున దుఃఖకరమైన విచిత్రములు గలవు. 2009లో అమెరికా పండితులు కొందరు 150 ఆటలలోని పాత్రలను లెక్కించి, జనసంఖ్యతో పోల్చి ప్రకటించిరి. పురుషులు, శ్వేతవర్ణులు, వయస్కులు ఉండదగినదానికంటె హెచ్చుగను, స్త్రీలు, లాటిను అమెరికా సంతతివారు, ఆదివాసులు, బాలలు, వృద్ధులు తక్కువగను ఉన్నట్లు తేలినది. పిల్లలు మిక్కిలి యిష్టపడు "యానిమల్ క్రాసింగ్" వరుసలోని ప్రధానమైన ఆటలలో 2020కి పూర్వము మేనిచాయ నేరుకొను వీలే లేదు. అంతకు ముందటి ఆటలో నల్లబడవలెనన్నచో కల్పిత గ్రామములో వేసవి యెండలో బొమ్మను నిలువబెట్టవలెను. ఆ నలుపును కొన్ని దినములకు వెలసిపోవును. తెలుపు పుట్టుకతో వచ్చును, నలుపు ఎండచే తగిలిన మచ్చ, అని ఆ యాట చిన్నపిల్లలకు చెప్పక చెప్పినట్లైనది. సంసారమునే ఆటగా చేసిన "ది సిమ్స్ 4" 2014లో వెలువడినది. అందలి ముదురు చాయలు బూడిదవన్నె దేలియున్నవని ఆడువారు చాల కాలము మొఱపెట్టిరి. కొందఱు తామే మంచి చాయలను చిత్రించి ఇతరులకు ఉచితముగ నిచ్చిరి. తుదకు 2020 డిసెంబరులో నిర్మాతలు నూటికి మించిన క్రొత్త చాయలను చేర్చిరి. మా పిల్ల "బూడిద" యని చెప్పిన మాటయే అమెరికాలోని నల్లజాతి స్త్రీలును చెప్పియుండుట మమ్ము ఆశ్చర్యపఱచినది.

నలుపు బూడిద యెట్లగును? ఇందులో కొంత శిల్పరహస్యము గలదు. తెల్లని మేనిమీద పడిన వెలుగు కొంత చర్మములోనికి చొచ్చి, ఎఱుపుతో కలసి వెలికి వచ్చును. నల్లని మేనిమీద వెలుగు తళుకు తేటగా నిలుచును. ఆ నలుపులో ఎఱుపు, పసుపు, తేనెవన్నె దాగియుండును. తెల్లని బొమ్మను ముందు చక్కగ చేసి, దానికి నల్లరంగును కలిపి ముదురు చేసినచో ఆ వన్నెలు చచ్చి బూడిద మిగులును. జుట్టును అట్లే. సాపుగా జాఱు జుట్టును పలుచని పట్టీలుగ అమర్చి చూపవచ్చును. బిగువైన ఉంగరములు దిరిగిన జుట్టు గుబురుగ నిలుచునది కావున దానికి వేఱుపనితనము కావలెను. అది నేర్చినవారు తక్కువగుటచే పని వాయిదా పడుచుండును. ఈ లోపము తీర్చుటకై 2023లో ఆఫ్రికా కేశముల నమూనాలను సేకరించు నొక గ్రంథాలయమును, డవ్ సబ్బుల వ్యాపారసంస్థయు కలసి, అట్టి జుట్టును తెరమీద నిర్మించు విధానమును దెల్పు పుస్తకమును ఉచితముగ వెలువరించినవి. తెలియక చేయలేదను మాటకు ఇక చోటు తక్కువ.

ఫొటోగ్రాఫులయందును పూర్వ మిట్లే జరిగినది. ఇరువదవ శతాబ్దపు నడుమ అమెరికాలో రంగుల ఫొటోలను సరిచూచుటకు "షర్లీ కార్డు" అను నొక శ్వేతవనిత చిత్రమును ప్రమాణముగ పెట్టుకొనిరి. ఆమె ముఖము చక్కగ వచ్చినచో అందఱి ముఖములును చక్కగ వచ్చినట్లే లెక్క. నల్లని ముఖములు మసియైనను పట్టించుకొన్నవారు తక్కువ. ప్రమాణముగ నెవరిని నిలిపిరో వారికే పని సుఖముగ జరుగును. మిగిలినవారు సవరణలకై కాచుకొనవలెను.

నిర్మాతల కష్టమును మేము కాదనము. పది జాతులు, ఒక్కొక్కదానికి స్త్రీపురుష రూపములు రెండు అన్నచో ఇరువది శరీరములు. ఒక్క క్రొత్త తలపాగాను చేసినను ఇరువది తలలకును సరిపుచ్చవలెను. ఒకదానికి కొమ్ములు అడ్డు, ఒకదానికి చెవులు అడ్డు. ఇంటికి ఒక్క చుట్టము హెచ్చినను ప్రతి వంటకమును పెంచవలసివచ్చుట మనకు తెలిసినదే. అయినను వంట చాలునో లేదో పిలుపునకు ముందు చూచుకొనవలెను. పిలిచి కూర్చుండబెట్టిన పిమ్మట "నీకు రేపు పెట్టెదము" అనుట మర్యాద గాదు.

అన్నిజాతులకును అంకెలు సమానముగ నుండవలెనని మా వాదము గాదు. ఒకరికి గడ్డములు ఇరువది యున్నచో కొమ్ములు గలవారికి కొమ్ములు ఇరువదియే యుండవలెనని లెక్కించుట పిల్లల తగవు వంటిది. కొడుకునకు పంచె, కూతునకు చీర పెట్టినచో లోపము లేదు. ఒకరికి పట్టును, ఒకరికి ముతకయు పెట్టినపుడే లోపము. మేము కోరు న్యాయము మూడు మాటలలో చెప్పవచ్చును. మొదటి దినముననే అందఱి రూపములకును ఒకే శ్రద్ధ కావలెను. తన రూపములో తానుండుటకు ఎవరును హెచ్చు వెల చెల్లింపరాదు. రంగునుబట్టిగాని, స్త్రీపురుష భేదమునుబట్టిగాని బలమును, వృత్తిని కట్టిపెట్టరాదు.

వలపక్షమును తొలగించుటకు మఱియొక విచిత్రమార్గమును "రస్ట్" అను ఆటవారు త్రొక్కిరి. 2015లో మేనివర్ణమును, 2016లో స్త్రీపురుష రూపమును ఆటయే నిర్ణయించి యిచ్చునట్లు చేసిరి. మార్చుకొను వీలు లేదు. పుట్టుకయందువలెనే ఇందును ఇచ్ఛకు తావు లేదన్నమాట. వారి కల్పనను మెచ్చినవారును, కోపించినవారును గలరు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ యనునది అందులో లేదు, నిజమే. కాని మా మనసు దానికి పూర్తిగ అంగీకరింపదు. వేషము వేయుట ఆటలోని ఆనందము. నల్లపిల్ల తెల్లని ఎల్ఫుగనో, నీలిరంగు రాక్షసిగనో తిరుగవలెనని కోరినచో తప్పేమి? ఆ కోరిక వేడుకవలన పుట్టవలెను. తన రూపము బాగుగ చేయబడలేదని విధిలేక యితర రూపమును ధరించుట వేడుక యెట్లగును?

"ఆటకు ఇంత విచారమేల?" అని కొందఱు సోదరీమణులు అనవచ్చును. అమెరికాలో కెనెత్ క్లార్కు, ఆయన భార్య మేమీ క్లార్కు అను మనశ్శాస్త్ర పండితులు 1940 ప్రాంతమున చేసిన పరీక్షను వారు వినవలెను. రంగు తప్ప అన్నివిధముల ఒకే తీరుగనున్న బొమ్మలను నల్లజాతి చిన్నపిల్లల ముందుంచి, ఏ బొమ్మ మంచిది, ఏ బొమ్మతో ఆడెదవు అని యడిగిరి. పెక్కుమంది తెల్లబొమ్మనే చూపిరి. తెల్లవారికి, నల్లవారికి వేఱువేఱు పాఠశాలలుండుట చట్టవిరుద్ధమని 1954లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినపుడు, పిల్లల మనసులకు కలుగు హానినిగూర్చిన యీ పరిశోధనయు దానికి ఆధారములలో నొకటియైనది. బొమ్మ చిన్నదే గాని, పిల్ల తన్నుగూర్చి తాను ఏమనుకొనుచున్నదో అది చెప్పగలదు. క్లార్కు దంపతుల బొమ్మలు రంగు తప్ప అన్నిట సమానములు. మా పిల్ల ముందున్న బొమ్మలు ఆ పాటి సమానములును గావు.

ఆటలు చేయువారిని తప్పుపట్టి మనము చేతులు కడుగుకొనరాదు. మన యిండ్లలో నల్లని పిల్లను "రంగు తక్కువ" యందుము. నలుపులో రంగు తక్కువయెట్లైనదో ఆ మాట పుట్టించినవారే చెప్పవలెను! "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదార్చుచునే పెండ్లి ప్రకటనలలో తెల్లపిల్లనే కోరుదుము. ద్రౌపదిని ఆమె మేనివన్నెనుబట్టి కృష్ణయని పిలిచిన కథలు చెప్పుకొనుచునే పసిబిడ్డ చెవితమ్మె రంగు చూచి, పెద్దైన పిమ్మట తెల్లబడునో లేదో నిర్ణయింతుము. 1975లో మన దేశమున వెలసిన "ఫెయిర్ అండ్ లవ్లీ" లేపనము 2020లో పేరు మార్చుకొని "గ్లో అండ్ లవ్లీ" యైనది. దానికి అలవాటు పడిన మన చూపు పేరుతోపాటు మారలేదు. అందుచే మన పిల్ల ఆటలో తెల్లరంగును నొక్కినపుడు మనకు ఆశ్చర్యము కలుగదు. ఆమె వ్రేలిని ఆ రంగుమీదికి త్రోసినవి రెండు: తెరమీది అసమానమైన వడ్డన యొకటి, ఇంటిలో విన్న మాటలు రెండవది. మొదటిదానికై నిర్మాతలను అడుగవలెను. రెండవది మన చేతిలోనే యున్నది.

ఆ మఱునాడు మేమును మా పిల్లయు కలసి ఆ యాట నిర్మాతలకు ఒక జాబు వ్రాసితిమి. మేము పెద్ద మాటలతో నొక పుట నింపగా, పిల్ల చదివి చూచి, "ఇంత ఎందుకు పెద్దమ్మా?" అని కొట్టివేసినది. దాని మాటలలోనే జాబు సాగినది: "నాకు పదకొండేళ్లు. నా రంగు బూడిద కాదు. మా అమ్మమ్మ రంగు, మా అమ్మ రంగు కూడా బూడిద కాదు. బాగా చేస్తే పెట్టుకుంటాను." జవాబు ఇంతవరకు రాలేదు. ఆ యాటలో దాని బొమ్మ నేటికిని తెల్లగనే యున్నది.

సోదరీమణులారా, మీ పిల్లలును ఇట్టి ఆటలు ఆడుచునే యుందురు. ఎంతసేపు ఆడిరని కసరుట అందఱమును చేయుదుము. ఒక్కమారు ప్రక్కను కూర్చుండి, "ఈ బొమ్మ నెందుకు ఏరుకొన్నావు?" అని యడిగి చూడుడు. వేడుకకై యేరుకొన్నామన్నచో సంతోషింపుడు. "నాలాంటిది బాగాలేదు" అన్నచో, ఆ మాటను తేలికగ విడువక, బాగుగ లేనిది బొమ్మయే గాని తాను కాదని ఆ క్షణముననే పిల్లకు చెప్పుడు. పిమ్మట వీలైనచో నిర్మాతలకు ఒక జాబు వ్రాయుడు. పైని చెప్పిన సవరణలలో ఆడువారు నోరు తెఱచి అడిగిన మీదట వచ్చినవి పెక్కు గలవు.